గుడ్డ పీలికలు, రెండో విడత గ్రాంటు

నేను పగ పట్టిన మనిషిని. ఈ మాట ముందే చెప్పేస్తే తర్వాత ఎవరూ నన్ను మంచిదాన్ననుకుని మోసపోరు. పగ పట్టింది ఒక ప్రొఫెసరు మీద. ఆయన్ని మా ఊళ్లో అందరూ సారు అనేవాళ్లు, నేనూ అలాగే అంటాను. ఆయన అడిగిన రెండో విడత గ్రాంటు ఆయన చేతికి రాకూడదన్నది నా పంతం. రాకుండా చేశాను. అందులో నా చేతుల మీదుగా ఇంకేం పోయిందో అది కూడా చెబుతాను.

అంతటికీ కారణం ఒక ఫొటో. నందిగామలో ఒక ఫంక్షన్ హాల్లో రైతు సదస్సు పెట్టి, వచ్చినవాళ్లందరికీ మెరిసే కాగితాల పుస్తకం ఒకటి పంచారు. మిరప ఆకు ఫొటో చూసి తెగులేదో చెప్పే కృత్రిమ మేధ, దాని మీద రెండేళ్లు జరిగిన పరిశోధన, వచ్చిన నిధులు, ఇంకా రావాల్సిన నిధులు అన్నీ అందులో ఉన్నాయి. నాలుగో పేజీలో నేనున్నాను. మా చేలో వంగి, ఫోను మొక్క మీదికి పట్టుకుని, కళ్లు చిట్లించి చూస్తున్నాను. ఎండకి చిట్లించాను, అంతే. ఫొటో కింద ఇంగ్లీషులో ఒక వాక్యం ఉంది. చదువు రాని మహిళా రైతు కూడా సులువుగా వాడగలిగే యాప్ అని దానర్థం.

నేను అదే నందిగామలో బోటనీ చదివి డిగ్రీ పాసయ్యాను. ఆ ఫంక్షన్ హాలుకి కూతవేటు దూరంలో మా కాలేజీ. పెళ్లయ్యాక జగ్గయ్యపేట నుంచి ముక్త్యాల వెళ్లే రోడ్డు వైపు మా అత్తగారి ఊరికొచ్చి, పాతికేళ్లుగా మిరప వేస్తున్నాను. మా ఆయనకి నందిగామలో ఉద్యోగం, చేను నాది. ఆ వాక్యాన్ని తప్పుల్లేకుండా, గుక్క తిప్పుకోకుండా చదివాను. రెండోసారి పైకే చదివాను. పక్క కుర్చీలో ఉన్న పెద్దాయన ఏమైందమ్మా అని అడిగాడు. ఏం లేదండి అన్నాను.

ఆ సారు మొదటిసారి మా ఇంటికొచ్చినప్పుడు మర్యాదగానే ఉన్నాడు. ఉన్నారు అని రాయాలి నిజానికి, చెయ్యి రావడం లేదు. మిరప చేలు చూపించేవాళ్లు కావాలని ఊళ్లో అడిగితే మా ఇల్లు చూపించారట. తెగులు పేరు తేల్చుకోవాలంటే చుట్టుపక్కల వాళ్లు ఆకు తెంపుకుని మా వసారాలోకే వస్తారు మరి.

"గ్రాంటు శాంక్షనైందమ్మా. ఇక మాకు కావాల్సింది ఫొటోలు. ఏ మొక్కకి ఏ జబ్బో పేరు రాసిపెట్టిన ఫొటోలు. వేలల్లో కావాలి" అన్నాడు.

"పేరు ఎవరు రాస్తారండి?" అన్నాను.

"మా టీము రాస్తుంది. మీరు కొంచెం సాయం చేస్తే చాలు."

ఆ కొంచెం సాయం రెండు పంటలు పట్టింది. ఆయన టీము మొదటి వారం రాసిన పేర్లు చూసి నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మా చేను రోడ్డు పక్కనే. పగలంతా సిమెంటు లారీలు తిరుగుతాయి, అంచు సాళ్లలో ఆకులన్నీ తెల్లటి దుమ్ము పట్టి ఉంటాయి. ఆ మొక్కలన్నిటికీ బూడిద తెగులు అని రాసుకుపోయారు. బూడిద తెగులు ఆకు అడుగున మొదలవుతుంది, దుమ్ము ఆకు పైన పడుతుంది. ఆకు తిప్పి చూస్తే తేలిపోయే సంగతి. అలాగే ఆకు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి. ఆకులు చిన్నవైపోయి, గుబురు కట్టి, మొక్క గిడసబారిపోతే వైరస్. దాన్నే మేము బొబ్బర అంటాం. వాళ్లు ఈ మూడింటినీ ఒకే పేరు కింద కలిపేశారు. నేను కూర్చుని విడదీశాను.

రోజూ పొద్దున వంట ముగించి చేలోకి వెళ్లడం, వాళ్లిచ్చిన ఫోనుతో ఫొటో తీయడం, దాని కింద జబ్బు పేరు కొట్టడం. నా చేను అయిపోతే పక్క చేలు. చెవిటికల్లులో మా బంధువుల చేలకి కూడా బస్సెక్కి వెళ్లి తీశాను. నాకేమిస్తారని అడగలేదు. అడగాలని కూడా తోచలేదు, ఎందుకంటే పాతికేళ్లలో మొదటిసారి నేను చదివిన చదువు నాకు పనికొస్తోంది. ఆ రెండు పంటలూ నేను చాలా సంతోషంగా ఉన్నాను.

"రిపోర్టులో మొదటి పేజీలోనే మీ పేరుంటుందమ్మా" అన్నాడొకసారి మా వసారాలో కాఫీ తాగుతూ. నేను అడక్కుండానే అన్నాడు. అందుకే తర్వాత ఎక్కువ మండింది.

మా వైపు ఒక అలవాటుంది, అది చెప్పకపోతే మిగతా కథ అర్థం కాదు. కలుపు తీతకీ కాయ కోతకీ ఆడవాళ్లు ముఠాగా వస్తారు. సాలెంబడి వెళ్తుంటే బొబ్బర మొక్క కనిపిస్తుంది. కనిపించినా పీకరు. కూలికొచ్చిన మనిషి చేను తాలూకు వాళ్లు చూడకుండా మొక్క పీకితే మాటొస్తుంది. అందుకని కొంగున దోపుకొచ్చిన పాత గుడ్డ పీలిక ఒకటి దాని కొమ్మకి కట్టి ముందుకెళ్లిపోతారు. సాయంత్రం మేము వెళ్లి, గుడ్డ ఉన్న మొక్కలు చూసుకుని, అవునో కాదో తేల్చుకుని పీకి తగలబెడతాం. ఇదొక రకం గుడ్డ. ఇంకో రకం కూడా ఉంది. సొంత విత్తనం తీసుకునేవాళ్లు అన్నిట్లోకీ మంచి మొక్కని ఎంచి, దాని కాయ ఎవరూ కొయ్యకుండా దానికీ గుడ్డే కడతారు. తీసేసే మొక్కకీ గుడ్డే, దాచుకునే మొక్కకీ గుడ్డే. మొక్క మొహం చూస్తే ఏది ఎందుకు కట్టారో చిన్నపిల్లలు కూడా చెప్పేస్తారు కాబట్టి ఇప్పటిదాకా మాకు ఇబ్బంది రాలేదు.

మా చేలో అన్నీ కొనుక్కొచ్చిన విత్తనాలే, దాచుకునే గుడ్డ ఉండదు. కానీ మా ముఠా మేస్త్రికి ఉంది. ఆవిడ నాకంటే పదేళ్లు పెద్ద. నేను కాపురానికొచ్చిన కొత్తలో మిరపనారు పట్టుకోవడం కూడా ఆవిడే నేర్పింది. నేను అక్కా అంటాను, ఆవిడ నన్ను అమ్మాయ్ అంటుంది. వాళ్లింటి వెనక పది సెంట్లలో ఒక నాటు మిరప వేస్తుంది. తోలు మందం, రంగు చిక్కన, కారం నాలుకని కాల్చదు. ఆ పండుమిరపకాయల పచ్చడి తిన్నవాళ్లు వేరే పచ్చడి ముట్టరు. వాళ్ల అత్తగారి నుంచి వచ్చిన విత్తనం. ఏటికేడు మొక్క ఎంచి గుడ్డ కట్టి, ఆ విత్తనమే మళ్లీ పోస్తుంది. పాతది మొలక తగ్గుతుందని దాచదు. ఆవిడ దగ్గర తప్ప ఆ రకం మేమెరిగినంతలో ఎక్కడా లేదు. భూమి లేని మనిషికి అదే ఆస్తి. పచ్చడి రోజుల్లో పెద్ద పెద్ద ఇళ్లవాళ్లు ఆవిడ గుమ్మం ముందు నిలబడి అడుగుతారు. ఆ నాలుగు వారాలు ఆవిడ నడకే వేరుగా ఉంటుంది.

రెండో పంట చివర్లో యాప్ తయారైంది. మాట్లాడే యాప్. ఫొటో తీస్తే ఆడగొంతుతో తెలుగులో చెబుతుంది. సారు ఊళ్లో మీటింగు పెట్టి, కంటికి కనిపించకముందే ఇది జబ్బుని పట్టేస్తుంది, మీ కళ్లని నమ్మకండి, దీన్ని నమ్మండి అని చెప్పాడు. అందరి ఫోన్లలో ఎక్కించమన్నాడు. మేస్త్రి ఫోనులో నేనే నా చేత్తో ఎక్కించాను.

ఆ తర్వాత నెల తిరక్కుండానే సంగతి బయటపడింది. మా బోరు దగ్గర ఒక మిరప మొక్క దానంతటదే మొలిచింది, ఏ మందూ లేకుండా నిగనిగలాడుతూ ఉంది. మోటారు తుడిచిన గుడ్డ ముక్క దాని మీద ఆరేశాను. ఏదో సరదాకి ఫొటో తీస్తే, "ఈ మొక్కకు వైరస్ సోకింది. వెంటనే పీకి తగలబెట్టండి" అంది యాప్. గుడ్డ తీసేసి మళ్లీ తీశాను. మొక్క ఆరోగ్యంగా ఉందంది. గుడ్డ మళ్లీ వేశాను. వైరసే.

అక్కడే గట్టు మీద కూలబడి నవ్వాను. నేను తీసిన బొబ్బర ఫొటోలన్నిట్లో ఎక్కడో ఒక మూల గుడ్డ పీలిక ఉంది, ఎందుకంటే మా ముఠా గుడ్డ కట్టిన మొక్కలనే వెతుక్కుని నేను తీశాను. మంచి మొక్కల ఫొటోల్లో గుడ్డ లేదు. పాపం ఆ మెషిన్ ఆకు చూడటం నేర్చుకోలేదు, గుడ్డ చూడటం నేర్చుకుంది. తప్పులో సగం నాది. వెంటనే సారుకి ఫోను చేశాను. గుడ్డ అనేలోపే ఆయన అడ్డుపడ్డాడు.

"అమ్మా, ప్రపోజల్ రాసే హడావిడిలో ఉన్నాను. మోడల్ సంగతి మేం చూసుకుంటాం. అది మీకు అర్థమయ్యేది కాదు" అన్నాడు.

సరే తీరిగ్గా చెబుదాంలే అనుకున్నాను. నిజంగానే చెబుదామనుకున్నాను. ఆ తర్వాత నందిగామ సదస్సు వచ్చింది, ఆ మెరిసే పుస్తకం వచ్చింది.

భోజనాల దగ్గర ఆయన్ని పట్టుకున్నాను. పుస్తకం నాలుగో పేజీ తెరిచి చూపించి, ఇదేంటండి అన్నాను. ఆయన తడబడలేదు, అదీ నా కడుపుమంట. ప్లేటులో పులిహోర తింటూ చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పాడు.

"ఫండింగ్ ఇచ్చేవాళ్లకి అలా ఉంటేనే బాగుంటుందమ్మా. చదువుకున్న రైతుకి సాయం చేస్తామంటే ఎవరిస్తారు చెప్పండి? మిమ్మల్ని తక్కువ చేయాలని కాదు."

"మరి మొదటి పేజీలో నా పేరు?"

"లేబులింగ్ అంతా సంస్థ నిపుణులు చేశారని చూపించాలి. రూల్స్ అలా ఉంటాయి. మీరేం అనుకోకండి."

నేనేం అనుకోలేదు. ఆ క్షణంలో నాకు చాలా స్థిమితంగా అనిపించింది. గుడ్డ సంగతి ఈ మనిషికి చచ్చినా చెప్పకూడదని తేల్చుకున్నాను. రెండో విడత గ్రాంటు మొదటిదానికి ఎన్నో రెట్లు పెద్దదని, అది ఇచ్చేముందు కమిటీ ఒకటి చేలోకి వచ్చి యాప్‌ని కళ్లారా చూస్తుందని ఆయనే ఆ పూట వేదిక మీద గొప్పగా చెప్పుకున్నాడు. నాకు కావాల్సింది ఆ రోజు.

ఇంటికొచ్చి మా ఆయనకి చెప్పాను. ఆయన అన్నం ముందు నుంచి తలెత్తలేదు.

"అది జనం ఫోన్లలో ఉంది గదా. చెప్పెయ్యటం మంచిది" అన్నాడు.

"జనం దాన్ని ఎప్పుడో మర్చిపోయారు. ఎవరికి కావాలి అది?" అన్నాను.

ఆయన ఇంకేమీ అనలేదు. పోట్లాడి ఉంటే బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకున్నాను. నా పంతానికి భర్తని బాధ్యుణ్ణి చేయాలనుకునే రకం కూడా నేనే.

ఆ ఏడు నల్ల తామర పురుగు విరుచుకుపడింది. పూత నిలవలేదు. అందరం తెల్లారి లేస్తే మందు డబ్బాలే మోశాం. నేను మాత్రం ఒక కన్ను మొక్కల మీద, ఒక కన్ను కమిటీ రాక మీద వేసి ఉంచాను. సారు ఫోను చేసి, మీ చేను రోడ్డు పక్కనే ఉంది కాబట్టి అక్కడికే తీసుకొస్తాను అన్నప్పుడు అలాగేనండి అన్నాను. నేత చీర కట్టుకోమన్నాడు. అలాగేనండి. ఇంగ్లీషు ఒక్క ముక్క కూడా వద్దు, వాళ్లేమడిగినా తలూపితే చాలు అన్నాడు. అలాగేనండి. జీవితంలో నేనంత అణకువగా ఎవరితోనూ మాట్లాడలేదు.

కమిటీ రావడానికి వారం ముందు ఒక సాయంత్రం కూలి ముగిశాక మేస్త్రి నా దగ్గరికొచ్చింది. చేతిలో ఫోనుంది. నేను మోటారు కట్టేసి, ఏ సాలులో ఏ మొక్క దగ్గర కమిటీని నిలబెట్టాలా అని మనసులో లెక్కలేసుకుంటున్నాను.

"అమ్మాయ్, ఆ సారు యాపు సరిగ్గానే చెబుద్దా?" అంది.

ఇక్కడ నేను అబద్ధం ఆడకుండా రాయాలి. లేదు అక్కా, అదంతా గుడ్డని చూసి చెప్పే పిచ్చి యాపు అని నోటిదాకా వచ్చింది. ఆవిడకి చెబితే ముఠాకి చెబుతుంది, ముఠా ఊరికి చెబుతుంది, ఊళ్లో తిరిగే సారు టీము చెవిన పడుతుంది, వాళ్లు వారంలో ఏదో ఒకటి సర్దుకుంటారు అనిపించింది. ఏడు నెలల నుంచి దాచుకున్నది చివరి వారంలో ఎలా వదులుకుంటాను?

"బానే చెబుద్దక్కా" అన్నాను.

"మన కంటికి కనపడకముందే పట్టేసిద్దంటగా."

"అంటున్నారుగా" అన్నాను, చేతులు కడుక్కుంటూ.

ఎందుకు అడిగావని నేను అడగలేదు. ఆవిడ తలూపి వెళ్లిపోయింది.

కమిటీ వచ్చే రోజు పొద్దున్నే, ముఠా రాకముందే, నేను చేలోకి వెళ్లాను. బొబ్బర మొక్కలకి ఉన్న గుడ్డలన్నీ విప్పాను. చేలో అన్నిటికంటే ఆరోగ్యంగా ఉన్న మొక్కల్ని ఎంచి వాటికి కట్టాను. అంత హాయిగా నేను ఏ పనీ చేయలేదు. పాట కూడా పాడుకున్నాను. ఇంటికొచ్చి స్నానం చేసి, సారు చెప్పినట్టే నేత చీర కట్టుకున్నాను.

ముగ్గురు వచ్చారు. అందులో పెద్దావిడ, జుట్టంతా నెరిసిన మేడమ్, మొక్కల జబ్బుల మీదే ఉద్యోగమంతా చేసి రిటైరైందట. మిగతా ఇద్దరూ బూట్లు చూసుకుంటూ నడుస్తుంటే ఆవిడ మొక్కల్ని చూస్తూ నడిచింది. సారు ముందు నడుస్తూ, ఈ ప్రాంతంలో రైతుకి వైరస్‌కీ పురుగుకీ తేడా తెలియదని ఇంగ్లీషులో చెబుతున్నాడు. నేను తలూపాను. చెయ్యమన్న పని అదే కదా.

గుడ్డ కట్టిన మొదటి మొక్క దగ్గర ఆగి ఆయన టాబ్లెట్ పెట్టాడు. "ఈ మొక్కకు వైరస్ సోకింది. వెంటనే పీకి తగలబెట్టండి" అంది గొంతు. ఆయన మొక్క వైపు చూడనే లేదు, తెర వైపే చూస్తూ, చూశారా, కంటికి కనిపించే దశ కంటే ముందే పట్టేసింది అన్నాడు. ఆ మొక్క కొమ్మకొమ్మకీ కాయ వేలాడుతోంది. మేడమ్ వంగి ఒక ఆకు తిప్పి చూసింది. తర్వాతది గిడసబారి, ఆకులు ముడుచుకుపోయి, ఆరు నెలల మొక్క జానెడు కూడా ఎదగనిది. గుడ్డ లేదు. "ఈ మొక్క ఆరోగ్యంగా ఉంది" అంది గొంతు. సారు ఇంకోసారి తీశాడు. మళ్లీ అదే.

అప్పుడు నోరు తెరిచాను. ఇంగ్లీషులోనే తెరిచాను. మేడమ్, ఇది జెమినీ వైరస్, ఆకులు చిన్నవై ఈనెలు మందమయ్యాయి చూడండి, అది మంచి మొక్క, మీ మెషిన్ ఆకుని చూడటం లేదు, గుడ్డని చూస్తోంది అని చెప్పాను. మంచి మొక్క గుడ్డ విప్పి, ఇప్పుడు తీయండి సార్ అన్నాను. ఆరోగ్యంగా ఉందంది. అదే గుడ్డ జబ్బు మొక్కకి కట్టాను. వైరస్ అంది. అక్కడితో ఆపొచ్చు. ఆపలేదు. గట్టు మీద వయ్యారిభామ మొక్క ఉంటే దానికి కట్టాను. ఊరంతా పీకి పారేసే కలుపు మొక్క అది. దానికీ మిరప వైరసే.

సారు మొహం మాడిపోయింది. నుదుటి మీద చెమట చూశాను. అమ్మా మీరు కొంచెం ఇటు రండి అన్నాడు. రాలేదు. ఫొటోలకి పేర్లు ఎవరు రాశారని మేడమ్ అడిగింది. నేనండి, బోటనీ డిగ్రీ, నందిగామ కాలేజీ అన్నాను. ఆ మాట అనడానికి ఏడు నెలలు కాచుకుని ఉన్నాను. నా ఒళ్లంతా తేలికైపోయింది.

మేడమ్ నన్ను తేరిపార చూసింది. ఇప్పుడు తెలుగులో అడిగింది.

"ఈ గుడ్డ సంగతి మీకు ఎప్పట్నుంచి తెలుసమ్మా?"

"పోయిన వేసవి నుంచండి" అన్నాను గర్వంగా.

"ఈ యాప్ ఎవరెవరి దగ్గరుంది?"

ఆ ప్రశ్న నాకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. ఈలోపు గట్టు మీద కాయల గంప దించి నిలబడి ఉన్న మేస్త్రి ముందుకొచ్చింది. మిగతా ఆడవాళ్లు ఆవిడ వెనకే ఉన్నారు.

"నా దగ్గరుందండి" అంది. "నాయి తొమ్మిది మొక్కలండి, విత్తనానికి. నల్లపురుక్కి చేనంతా పోతే అయ్యే నిలిచినయ్యి. గుడ్డ కట్టుకున్నా. ఎందుకైనా మంచిదని యాపు పెట్టి చూస్తే తొమ్మిదిటికీ వైరస్సే అంది. నా కంటికి బానే ఉన్నయ్యి. కనపడకముందే చెబుద్దన్నారుగా. నా ఇంటి ఎనక నుంచి ఈళ్ల చేలల్లోకి పాకుద్దేమోనని భయమేసింది. పీకి కాలబెట్టా."

మేడమ్ ఎప్పుడు అని అడిగింది.

"ఐదు రోజులైందండి" అని, ఆవిడ నా వైపు ఒకసారి చూసింది. నన్ను అడిగిన సంగతి మాత్రం వాళ్లతో చెప్పలేదు.

గ్రాంటు రాలేదు. ఆ కబురు తెలిసిన రోజు నేను సంతోషించాను, ఇప్పటికీ సంతోషమే. ఆయన మీద కోపం వీసమెత్తు తగ్గలేదు. ఇంకెక్కడో ఇంకో పంట మీద ఇంకో గ్రాంటు పట్టాడని ఆ తర్వాత విన్నాను. అక్కడ ఏ ఆడమనిషి ఫొటో వేస్తున్నాడో, కింద ఏం రాస్తున్నాడో. ఎదురుపడితే మళ్లీ అంతకంత చేస్తాను.

కానీ ఆ వేసవంతా నేను ఆ విత్తనం కోసం తిరిగాను. జగ్గయ్యపేటలో విత్తనాల కొట్లన్నీ అడిగాను. చెవిటికల్లు వెళ్లాను. రెడ్డిగూడెం దగ్గర ఎవరో నాటు మిరప వేస్తారంటే రెండు బస్సులు మారి వెళ్లాను. అక్కడొక ముసలావిడ గుప్పెడు విత్తనాలు, చూడటానికి నాలుగు ఎండు కాయలు ఇచ్చింది. రంగు దగ్గరగానే ఉంది, తోలు కూడా మందంగానే ఉంది. ఇదేనేమోనని ఆశపడ్డాను.

అవి గిన్నెలో పోసుకుని మేస్త్రి ఇంటికి వెళ్లాను. ఆవిడ గుమ్మంలో కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. కూర్చో అంది. అప్పటిదాకా ఆవిడ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. పనికి వస్తోంది, వెళ్తోంది. నా ఆరాటమంతా ఒక్కసారి తిట్టించుకోవాలని. కాయ ఒకటి తీసి విరిచింది, వాసన చూసింది, తోలు కొంచెం కొరికింది.

"ఇది కాదమ్మాయ్" అంది.

"అక్కా, ఆరోజు నువ్వడిగినప్పుడు నాకు తెలుసు. తెలిసే చెప్పలేదు. ఆయనకి తెలిసిపోద్దని" అన్నాను.

"తెలుసులే" అంది. చేతులు చీర కుచ్చెళ్లకి తుడుచుకుంది. అప్పుడు అడిగింది. "ఆరోజు ఆ సారు మొహం అట్టా అయిపోతే, నీకు బాగుందా?"

ఆవిడతో ఇంకొక అబద్ధం ఆడలేకపోయాను.

"బాగుందక్కా" అన్నాను.

"సరేలే. ఒకళ్లకైనా బాగుంది" అంది ఆవిడ. గిన్నె నా వైపు జరిపి, మళ్లీ చింతపండు ముందుకు లాక్కుంది.